నీళ్ళు ఉతికే గుడ్డ

కొలనులో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబారి ఉన్నాయి. తిరుపతమ్మ చీపురు గోడకు ఆనించి, గట్టు మీద గొంతుక్కూర్చుని లోపలికి చూసింది. నిన్న మూడో మెట్టు దాకా కనిపించింది. ఇవాళ రెండో మెట్టు కూడా ఉందో లేదో కాలితో తడుముకోవాల్సిందే.

దసరా వెళ్ళిన మూడో రోజది, శనివారం. తెలంగాణ కోసం అందరూ పనులు మాని సమ్మె కట్టి ఇరవై అయిదు రోజులైంది. బస్సులు డిపోల్లోనే పడుకున్నాయి. బడులకు తాళాలు. బొగ్గు గనులు ఆగిపోయాయని కరెంటు వచ్చినప్పుడు వస్తోంది, పోయినప్పుడు పోతోంది. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో ఉన్న తన కిరాయి గది నుంచి తిరుపతమ్మ నడిచే వచ్చింది. పండ్ల లారీలు లేక గడ్డిఅన్నారం మార్కెట్టు ముందర రోడ్డు ఎంత వెడల్పో ఈ సమ్మెలోనే ఆమెకు తెలిసింది.

ఎల్బీనగర్ చౌరస్తాకు ఇవతల, ఒక ఫంక్షన్ హాలు వెనక ఉంది ఈత కొలను. దాని యజమాని పట్టాభి ముప్ఫై ఏళ్ళ కిందట కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. సమ్మె మొదలవగానే గేటు మీద 'జై తెలంగాణ' అని తనే రాయించాడు. అక్షరాలు దూరానికి కనిపిస్తున్నాయో లేదో రోడ్డు దాటి అవతలికి వెళ్ళి మరీ చూసుకున్నాడు.

పొద్దున మగపిల్లలకు శిక్షణ. సాయంత్రం మగవాళ్ళ ఈత. మధ్యలో పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక్క గంట ఆడవాళ్ళది. ఆ గంట కోసమే తిరుపతమ్మను పెట్టుకున్నారు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ముందు షవరు కింద నిలబెట్టి, తల నూనె, మొహం పౌడరు పోయేదాకా కడిగించి, అప్పుడు నీళ్ళలోకి పంపాలి. గాజులు, చెప్పులు, బట్టలు కనిపెట్టుకుని ఉండాలి. తడిసిన నేల తుడవాలి. ఆమెకు యాభై అయిదు దాటాయి. మూడేళ్ళుగా ఇదే పని. ఆ గంట ఉంటే ఆమె ఉంది, లేకపోతే లేదు.

పంపు గదిలో ఇనుము కదిలిన చప్పుడైంది. తలుపు బార్లా తీసి ఉంది. మెకానిక్కు ఉపేందర్, తొర్రూరు వైపు నుంచి బండి మీద వచ్చే కుర్రాడు, బిందెలాంటి పెద్ద తొట్టి మూత చుట్టూ ఉన్న పట్టీ విప్పుతున్నాడు. మూత పైకెత్తి రెండు చేతులూ లోపలికి పెట్టి, డోలంత పొడుగు గుండ్రటి వస్తువు ఒకటి బయటికి లాగాడు. నీళ్ళు కారుతుంటే గోడకు ఆనించాడు. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది.

పంపు గదిలోకి ఆడవాళ్ళు రావద్దని ఎవరూ రాసిపెట్టలేదు. కానీ మూడేళ్ళలో తిరుపతమ్మ ఆ గడప దాటలేదు. ఇవాళ గడప దగ్గరే ఆగి, తలుపు పట్టుకుని వంగి చూసింది. ఆ డోలు చుట్టూ సన్నని మడతలు. చేయి తిరిగిన మనిషి పెట్టిన కుచ్చిళ్ళలా, ఒక దాని పక్కన ఒకటి, పై నుంచి కింది దాకా, వందల కొద్దీ.

"ఇది గుడ్డ గద బిడ్డా," అంది.

"మరేమనుకున్నవ్ పెద్దమ్మా?"

"నేనేందో మిషిను మందు గలుపుతది, నీళ్ళు తెల్లగయితయ్ అనుకున్న."

"మందు వేరే. అది పురుగులకు. మురికిని పట్టేది గీ కార్ట్రిడ్జిలే. పంపు కొలన్ల నీళ్ళను గుంజి గీ గుడ్డల కెళ్ళి నూకుతది. మురికి బయట మడతల్నే ఆగుతది. మంచి నీళ్ళు నడుమ పొక్క కెళ్ళి మల్ల కొలనుకు పోతయ్. రోజుకు నాలుగు మాట్ల కొలను కొలను మొత్తం దీంట్ల కెళ్ళే తిరుగుతది."

తిరుపతమ్మ కొలను వైపు ఒకసారి చూసింది, ఆ నాలుగు డోళ్ళ వైపు ఒకసారి చూసింది. వాళ్ళ అమ్మ, వాళ్ళ అమ్మమ్మ, ఆమె అత్త, అందరూ చిట్యాల దగ్గర ఊళ్ళో బట్టలు ఉతికి బతికిన వాళ్ళే. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె చూసింది నీళ్ళు గుడ్డను ఉతకడం. గుడ్డ నీళ్ళను ఉతుకుతుందని, ఇంత కొలనును రోజుకు నాలుగు సార్లు ఉతికి ఆరేస్తుందని, ఆ ఉతికిన నీళ్ళ పక్కనే మూడేళ్ళు చీపురు పట్టుకు తిరిగి కూడా ఆమెకు తెలియదు. చేతులు వాటంతటవే జోడించుకోబోతే, ఉపేందర్ నవ్వుతాడని కొంగు సర్దుకుంది.

"గా ముల్లు జూడు," ఉపేందర్ తొట్టి మీది గడియారం లాంటి దాన్ని చూపించాడు. "లోపట నీళ్ళ ఒత్తుడు చూపెడతది. మంచిగున్నప్పుడు పది కాడుంటది. పద్దెనిమిదికొస్తే ఇప్పి కడగాలె. పొద్దుగాల ముప్పై కాడుండె. నీళ్ళు దీంట్ల కెళ్ళి పోతనే లేవు. ఇవి ఖతం పెద్దమ్మా."

"కడుగుతే పోదా?"

"మొన్ననే కడిగిన."

వెనక చెప్పుల చప్పుడైంది. పట్టాభి వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, తెల్ల లుంగీ, నల్లగా నిగనిగలాడే జుట్టు. కార్ట్రిడ్జిలను చూసి ముక్కు చిట్లించాడు.

"ఏంటయ్యా, ఏమంటున్నాయి?"

"కొత్తవి కావాలె సార్. పూనా నుంచి రావాలె. లారీలు బందున్నయ్."

"అదే మరి. నేను చెప్తూనే ఉన్నాను. వీటి ప్రాణం తీసింది ఆడవాళ్ళ నూనె తలలు. ఆ గంటే దండగ అని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను." ఆయన తిరుపతమ్మ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, లెక్క తేలిన వాడి నెమ్మది ఉంది. "తిరుపతమ్మా, బుధవారం నుంచి ఆడవాళ్ళ టైము తీసేస్తున్నాను. కొత్తవి వచ్చాక కూడా అంతే. వచ్చిన వాళ్ళకు చెప్పు. నువ్వు మంగళవారం దాకా రా."

"సారూ," అని ఆగిపోయింది తిరుపతమ్మ.

చెప్పడానికి ఆమె దగ్గర ఒక మాట ఉంది. అది చెప్తే ఆ గంట ఇప్పుడే పోతుంది. దసరాకు ముందు, సద్దుల బతుకమ్మ నాడు, పదకొండింటికి కరెంటు లేదు. కరెంటు లేకపోతే షవరు లేదు. పొద్దున్నే తలంట్లు పోసుకుని, మళ్ళీ నున్నగా నూనె రాసుకుని, కాళ్ళకు మోకాళ్ళ దాకా పసుపు పూసుకుని వచ్చారు ఆడవాళ్ళు. పూలు పేర్చాలి, తొందరగా పోవాలి, ఒక్క పది నిమిషాలు దిగనియ్యి తిరుపతమ్మా అన్నారు. పండగ పూట ఎవరిని ఆపుతుంది? అందరినీ అట్లాగే దింపింది. నీళ్ళ మీద పసుపు తెట్టు కట్టి ఎండకు మెరిస్తే, చూడ్డానికి బాగుందని కూడా అనుకుంది.

ఇవాళ పదకొండింటికి ఆడవాళ్ళు పదిమంది దాకా వచ్చారు, నడిచి వచ్చిన వాళ్ళు నడిచి, బండి దొరికిన వాళ్ళు బండి మీద. తిరుపతమ్మ సంగతి చెప్పింది. వేదవతి టీచరు బెంచీ మీద కూలబడింది. బడి సమ్మెలో ఉంది కాబట్టి ఆమె రోజూ పొద్దున ధర్నా టెంటులో కూర్చుని, అక్కడి నుంచి ఇటు వస్తుంది.

"ధర్నాల కూసుంటె మోకాళ్ళు పట్టుకుంటున్నయ్ తిరుపతమ్మా. లేపనీకి ఇద్దరు కావాలె. గీ నీళ్ళల్ల గంట నడిస్తెనే మల్ల తెల్లారి కూసోవస్తది. ఈ గంట బంద్ వెడితే తెలంగాణ ఎట్లొస్తది?"

అందరూ నవ్వారు. విజయవాడ నుంచి వచ్చి వనస్థలిపురంలో ఉంటున్న సూర్యప్రభ కూడా నవ్వింది.

"మా ఆయన రోడ్డు మీద నడవమంటాడండీ. రోడ్డు మీద నా బరువు నాకే తెలుస్తుంది. నీళ్ళలో తెలియదు. రోజు మొత్తంలో నా ఒళ్ళు నాకు తేలిగ్గా ఉండేది ఈ గంటే," అంది. అని, అంత మాట పైకి అన్నందుకు సిగ్గుపడి టవలు మడత పెట్టుకుంది.

వాళ్ళు తలా ఒక మాట అనుకుని వెళ్ళిపోయారు. వేదవతి మాత్రం గేటు దగ్గర వెనక్కి తిరిగి, "ఏమన్న చెయ్యరాదూ?" అంది. ఎవరిని అడుగుతోందో ఆమెకే తెలియదు.

తిరుపతమ్మ నేరుగా వెళ్ళి పంపు గది గడప దాటింది.

ఉపేందర్ పనిముట్లు సర్దుకుంటున్నాడు. ఆమె ఒక కార్ట్రిడ్జి ముందు కూర్చుని రెండు వేళ్ళతో ఒక మడత విప్పింది. బొటనవేలితో రుద్దింది. పైన గరుకు. ఆ గరుకు కింద బెల్లం పాకంలా బంక. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మొన్న కడిగిన అన్నవ్. దేంట్ల కడిగినవ్?"

"నీళ్ళ పైపుతోని."

"నీళ్ళొక్కటేనా?"

ఉపేందర్ పానాను సంచిలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. "ఆసిడ్ల ముంచిన. బోరు నీళ్ళాయె, సున్నం పట్టింది. ఆసిడ్ తగిలితే సున్నం బుసబుసమని పోతది. నాకు నేర్పినోడు గట్లనే నేర్పిండు."

"సున్నం పోతది, నిజమే. నూనె పోదు బిడ్డా. నూనె ఉన్న గుడ్డకు ముందుగాల సోడా వెట్టాలె. నూనె మీద ఆసిడ్ వోస్తె అది గుడ్డను కరుసుకుంటది. మా ఊళ్ళె ఒక కొత్త కోడలు పట్టు చీర మీద నెయ్యి వడ్డదని నిమ్మకాయ రుద్దింది. ఆమె ముసలిదై పోయింది, చీరె ఉన్నది, మరకున్నది."

ఉపేందర్ తలుపు వైపు చూశాడు. పట్టాభి ఆఫీసు గదిలో ఎవరితోనో ఫోను మాట్లాడుతున్నాడు.

"సారుకు చెప్తవా?"

"నీ మరక నీకు చెప్పిన. సారుకెందుకు? గని నాకు నీ పెద్ద నీళ్ళ డ్రమ్ములు రెండు కావాలె. బట్టల సోడా కావాలె. కాగుల నీళ్ళు కాగవెట్టాలె. బుధారం లోపట గీ నాలుగిటిని ఉతుకుదాం."

"సారు ఒప్పుకోడు."

"పారేసేటియే గద. పారేసేదాన్ని ఉతుకుతె ఏం పోయింది?"

పట్టాభి విని నవ్వాడు. "తిరుపతమ్మా, అది మిషను. చీర కాదు." ఆమె అక్కడే నిలబడింది. అంతసేపు నిలబడితే ఆయనకే తోచక, "సరే, నీ సరదా. కరెంటు మాత్రం వాడొద్దు," అని వెళ్ళిపోయాడు.

తిరుపతమ్మ గోరువెచ్చని నీళ్ళలో సోడా కలిపి, చేయి పెట్టి చూసి, ఇంకో పిడికెడు వేసింది. ఇంత వేడి చాలా అని ఉపేందర్ అడిగితే, "ఇది మా ఊరి ముతక దుప్పటి గాదు, ఉబ్బకేసి ఉడకవెట్టనీకి. టెర్లిన్. మస్తు వేడి తగిలితే మడత సచ్చిపోతది. మడతనే దీని పానం," అంది. ఒక్కో డ్రమ్ములో రెండేసి నిలబెట్టి మునిగేదాకా నీళ్ళు పోశారు. మొదట ఏమీ కాలేదు. కాసేపటికి అడుగు నుంచి చిన్న బుడగ ఒకటి వచ్చింది. తర్వాత నూనె చుక్క ఒకటి, ఆవగింజంత, పైకి తేలి నీళ్ళ మీద రంగురంగులుగా విచ్చుకుంది. తిరుపతమ్మ డ్రమ్ము అంచు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఒదులుతున్నది," అంది, ఎవరికో నిద్రాభంగమవుతుందన్నట్టు మెల్లగా.

ఆదివారం పొద్దున పైపు పట్టారు. ఉపేందర్ గట్టి కుచ్చుల బ్రష్షు ఒకటి తెచ్చి రుద్దబోతే ఆమె లాక్కుని పక్కన పడేసింది. "ఉతుకుడంటె కొట్టుడు గాదు." కార్ట్రిడ్జిని వాలుగా నిలబెట్టి, పైపు చివర బొటనవేలు అదిమి, నీళ్ళను పలచటి రేకులా చేసి, పై నుంచి కిందికి ఒక మడత. మళ్ళీ పై నుంచి కిందికి ఇంకో మడత. కింది నుంచి పైకి ఎన్నడూ కాదు. ఒక మడత అయ్యాక ఎడమ చేతి వేలితో దాన్ని పక్కకు తిప్పి తర్వాతది. ఉపేందర్ లెక్కపెట్టాడు. నూట అరవై దగ్గర లెక్క మరిచిపోయి మానేశాడు.

కారే నీళ్ళు ఒకే రంగులో లేవు. తిరుపతమ్మ చేయి ఆపి, ఆ నీళ్ళను నేల మీద వేళ్ళతో పక్కకు దువ్వి చూసింది.

"గీ గులాబి రంగు జూడు. ఇది గులాలు. వినాయకున్ని సాగనంపిన పోరగాండ్లు గట్లనే వచ్చి దుంకిండ్రు."

"అవ్ పెద్దమ్మా. కోచ్ సారే దుంకుమన్నడు."

"గిది పసుపు." ఆమె గొంతు తగ్గింది. "ఇది మాది. సద్దులనాటిది. ఆనాడు నేనే తానం లేకుండ దింపిన."

ఉపేందర్ ఆమె మొహం చూశాడు. పైపు అందుకుని తను పట్టాడు.

ఇంకా లోపలి మడతలు విప్పే సరికి నల్లగా సిరా లాంటిది కారింది. తల రంగు. దాని వెంట చిక్కటి ఆకుపచ్చ నూనె. మిగతా నూనెలా తేలి పోలేదు. వేలికి అంటుకుంది. నాలుగింటిలోనూ, ప్రతి మడత మొదట్లోనూ ఉంది. పసుపు ఒక్కరోజుది, ఒక్క చారే. గులాలు ఒక్కరోజుది. ఇది మాత్రం రోజూ ఇంత ఇంత పేరుకున్నట్టు పొరల మీద పొరలుగా ఉంది. తిరుపతమ్మ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. వావిలాకు. కర్పూరం. నువ్వుల నూనె. కీళ్ళ నొప్పుల తైలం. తమ ఆడవాళ్ళలో ఎవరికీ ఆ వాసన లేదు. ముప్ఫై మంది తలలు ఆమెకు వాసనతో సహా తెలుసు.

పట్టాభి లోపలికి వచ్చాడు. ఆదివారం కాబట్టి తీరిగ్గా ఉన్నాడు. ఎండలో నిలబెట్టిన మొదటి కార్ట్రిడ్జి మీద వంగి, మడతలు విప్పి చూశాడు.

"ఫరవాలేదే. కొంచెం తెల్లబడింది," అన్నాడు.

ఆయన భుజం తిరుపతమ్మ మొహం దగ్గరగా ఉంది. వావిలాకు, కర్పూరం, నువ్వుల నూనె. ఆమె తల పక్కకు తిప్పుకుని పైపు కోసం వెతుక్కుంది. పైపు చేతిలోనే ఉంది.

ఆయన వెళ్ళగానే ఉపేందర్ దగ్గరికి వచ్చాడు. అతనికీ అర్థమైంది.

"పొద్దుగాల అయిదింటికే దిగుతడు పెద్దమ్మా. ఎవ్వలు రాకముందు. వాచ్‌మెన్ చెప్పిండు. ఒళ్ళంత తైలం రుద్దుకుని సీద నీళ్ళల్ల దుంకుడే. జరసేపైనంక చెయ్యి కాలు నొప్పి లేదని మురుసుడు." అతని కళ్ళు మెరిశాయి. "ఇగ దొరికిండు. రేపు టీచరమ్మకు చెప్పు, పదిమందిల అడుగుతది. ఇన్నొద్దులు మన ఆడోళ్ళను అన్నడు గద. ఆంధ్రోని గుట్టు రట్టయితది."

"ఆయన యాడోడైతే ఏంది? నూనెకు ఆంధ్ర, తెలంగాణ ఉంటదా?" తిరుపతమ్మ పైపు కింద పెట్టి చీర తడి పిండుకుంది. "చూడు బిడ్డా. సాకలోళ్ళకు ఇంటింటి మరక ఎరుక. ఎవల దుప్పటి మీద ఏమున్నదో, ఎవలింట్ల ఎవలు బీమారున్నరో, ఎవలు రాత్రి ఏడ్సిండ్రో. మా అమ్మ గాడిది మీద మూటేసుకుని నలభై ఇండ్లు తిరిగేది. ఒక్కింటి మరక ఇంకొక్కింట్ల చెప్పలే. చెప్తె మల్ల మూట ఎవలిస్తరు?"

"మరి గా గంట పోతది. నీ నౌకరి పోతది."

తిరుపతమ్మ నాలుగో కార్ట్రిడ్జిని దగ్గరికి లాక్కుంది. ఆ సాయంత్రం మళ్ళీ కొత్త సోడా నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు చల్లారేదాకా కూర్చుని, ఏమీ తోచకుండానే ఇంటికి నడిచింది.

సోమవారం పొద్దున డ్రమ్ముల మీద నూనె తేలలేదు. మళ్ళీ కడిగి, అప్పుడు ఉపేందర్‌ను పిలిచి, "ఇప్పుడు నీ ఆసిడ్ తే," అంది. అతను నీళ్ళలో కొద్దిగా కలిపాడు. కార్ట్రిడ్జి దించగానే సున్నం బుసబుసమని పొంగింది. పొంగు ఆగేదాకా ఇద్దరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూశారు. తీసి, మంచి నీళ్ళలో మూడు సార్లు జాడించి, డాబా మీద ఎండకు పెట్టారు.

మధ్యాహ్నానికి ఆరాయి. తిరుపతమ్మ అరచేత్తో తడితే మడతల నుంచి సన్నటి పొడి పొగలా లేచింది. ఆ తర్వాత ఆమె ఒక మడతను రెండు వేళ్ళతో విప్పి ఎండకు పెట్టి చూసింది. ఎండ ఆ గుడ్డలో నుంచి దిగి ఆమె అరచేతి మీద పడింది. పోగుల మధ్య సందులు కంటికి ఆనడం లేదు. ఆ కంటికి ఆనని సందుల్లో నుంచి ఇంత కొలను పోయి వస్తుంది.

ఉపేందర్ తొట్టిలో నాలుగూ నిలబెట్టి, మూత అంచు రబ్బరు చక్రానికి జిగురు మందు రాసి, పట్టీ బిగించాడు. కరెంటు మూడింటికి వచ్చింది. పంపు వేసి, పైన చిన్న బిరడా తిప్పాడు. గాలి ఈలలా బయటికి వచ్చి వచ్చి, చివరికి నీళ్ళు చిమ్మాయి. ముల్లు కదిలింది. అయిదు. ఎనిమిది. పది దగ్గరికి వచ్చి నిలబడింది.

పట్టాభి తలుపు దగ్గర నిలబడి అది చూశాడు. "శభాష్ ఉపేందర్," అన్నాడు.

"నేను గాదు సార్. పెద్దమ్మ ఉతికింది. నేను మొన్న ఆసిడ్ల ముంచి ఖరాబు చేసిన."

పట్టాభి మళ్ళీ ముల్లు వైపు చూశాడు. తిరుపతమ్మ కూడా ముందుకు వచ్చింది. "సారూ, నాది గూడ ఒకటుంది. సద్దులనాడు కరెంటు లేకుంటె తానం లేకుండనే ఆడోళ్ళను దింపిన. పసుపు, నూనె అన్ని పోయినయ్. తప్పు నాదే. ఆళ్ళది గాదు."

"చూశావా మరి. నేనన్నదేంటి? ఆడవాళ్ళ వల్లే," అన్నాడు పట్టాభి. అన్నాడే గానీ, మెచ్చుకోవాల్సిన మనిషిని తిట్టాల్సి రావడం ఆయనకు ఇబ్బందిగానే ఉన్నట్టుంది. "సరే, బుధవారం సంగతి మారదు," అని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు.

ఉపేందర్ ఆమె వైపు చూశాడు. చెప్పు అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

కార్ట్రిడ్జిలు తుడవడానికి ఆమె ఇంటి నుంచి తెచ్చిన తెల్ల ధోవతి ముక్క ఒకటి ఉంది. ఆకుపచ్చ తైలం, నల్ల రంగు, అంతా దానికే పట్టింది. ఆమె దాన్ని మళ్ళీ ఉతికింది. పిండి, దులిపి, ఆరేసి, ఆరాక నాలుగు మడతలు పెట్టింది. తల రంగు, తైలం మరక మాత్రం పోలేదు. పోదని ఆమెకు తెలుసు.

వాళ్ళ అమ్మ మూట తిరిగి ఇచ్చేటప్పుడు, ఎంత ఉతికినా పోని మరక ఉన్న బట్టను మూటలో అన్నిటికన్నా పైన, మరక బయటికి కనపడేలా మడిచి పెట్టేది. ఒక్క మాట చెప్పేది కాదు. ఆ ఇంటి వాళ్ళు చూసుకునే వాళ్ళు. ఇది మాది, ఇంక మేమే చూసుకోవాలి అని వాళ్ళకే అర్థమయ్యేది. ఒక ఇంటి మరక ఆ ఇంటికే చెప్పడం తప్పు కాదు.

ఇంటికి పోయే ముందు తిరుపతమ్మ ఆఫీసు గదిలోకి వెళ్ళింది. పట్టాభి లేడు. ఆ ధోవతి ముక్కను ఆయన కుర్చీలో, మరక పైకి ఉండేలా పెట్టింది. మడతలు చేత్తో సరిచేసింది.

మంగళవారం ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆమె వైపు చూడలేదు కూడా. కరెంటు ఉన్నప్పుడల్లా పంపు నడిచింది. సాయంత్రానికి అయిదో మెట్టు కనిపించింది. ఆమె తన డబ్బా, తన మగ్గు, పాత చీపురు ఒక సంచిలో పెట్టుకుంది.

బుధవారం పొద్దున వచ్చేసరికి ఎండ కొలనులో అడుగుదాకా దిగి ఉంది.

తిరుపతమ్మ గట్టు మీద నిలబడిపోయింది. ఎనిమిది అడుగుల లోతు వైపు, అడుగున నీళ్ళు పోయే జల్లెడ మూత ఉంది. దాని బెజ్జాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. అడుగున వేసిన నీలం పలకల మధ్య సిమెంటు గీతలు కనిపిస్తున్నాయి. ఒక పలక మూల విరిగి ఉంది. ఒక పిన్నీసు పడి ఉంది. నీళ్ళు ఉన్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి. గాలి వచ్చి పైన కాస్త కదిలితేనే అక్కడ నీళ్ళున్నాయని తెలుస్తోంది. మూడేళ్ళుగా ఆమె ఈ కొలనును ఇట్లా ఎన్నడూ చూడలేదు. వచ్చిన కొత్తలో కూడా ఇట్లా లేదు. తన రెండు చేతులూ ఎత్తి చూసుకుంది. సోడాకు వేళ్ళ చివరలు పొరలు లేచి ఉన్నాయి. ఇది ఈ చేతులు చేసిన పనే అని ఆమెకు నమ్మకం కుదరలేదు.

పదకొండింటికి ఆడవాళ్ళు వచ్చారు. చివరిసారి చూసిపోదామని కొందరు, పట్టాభితో పోట్లాడదామని వేదవతి. అందరూ గట్టు మీదికి వచ్చి అంచున వరసగా నిలబడ్డారు. సూర్యప్రభ వంగి, "అయ్యో, అది నా పిన్నీసే," అంది.

పట్టాభి ఆఫీసు గదిలోంచి వచ్చాడు. వేదవతి నోరు తెరిచేలోగా ఆయనే మాట్లాడాడు, ఎవరి వైపూ చూడకుండా.

"షవర్ల దగ్గర రెండు పెద్ద డ్రమ్ములు పెట్టించాను. కరెంటు లేకపోతే మగ్గులతో పోసుకోండి. పోసుకోకుండా ఎవరినీ దింపొద్దని తిరుపతమ్మతో చెప్పాను." చెప్పలేదు. ఇప్పుడే చెప్తున్నాడు. "ఎవరైనా సరే."

"అంటే టైము ఉన్నట్టేనా?" అంది వేదవతి.

"పదకొండింటికి కదా మీది. పదకొండూ అయిదైంది," అని ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు తిరుపతమ్మ తెల్లవారకముందే బయల్దేరింది. నీళ్ళు మళ్ళీ అట్లాగే ఉన్నాయో లేదో చూడకపోతే నిద్ర పట్టేట్టు లేదు. గేటు దగ్గర వాచ్‌మెన్ టీ తాగుతున్నాడు. ఆకాశం అప్పుడే బూడిద రంగుకు తిరుగుతోంది. కొలను నిండుగా, కదలకుండా ఉంది.

షవర్ల గోడ అవతల మగ్గు చప్పుడవుతోంది. డ్రమ్ములో ముంచడం, పోసుకోవడం, మళ్ళీ ముంచడం. గోడ కింది నుంచి కాలువలోకి ఆకుపచ్చ నురగ పారుతోంది. వావిలాకు వాసన అక్కడి దాకా వచ్చింది. ఆమె ఆగి, మొహం కొలను వైపు తిప్పుకుని, వచ్చినట్టు తెలిసేలా ఒకసారి దగ్గింది.

మగ్గు చప్పుడు ఆగింది.

"తిరుపతమ్మేనా?"

"నేనే సారూ."

"సబ్బు రెండుసార్లు పెట్టాను." గోడ అవతల నుంచి పట్టాభి గొంతు, బళ్ళో లెక్క అప్పజెప్పే పిల్లాడి గొంతులా ఉంది. "సరిపోతుందా?"

తిరుపతమ్మ కాలువలో పారే నురగను వంగి చూసింది. ఇంకా కాస్త ఆకుపచ్చ ఉంది.

"ఇంక జర, సారూ," అంది. "చెవుల ఎనక."

అవతల మగ్గు డ్రమ్ములో మునిగింది.